బొడ్డుతాడులో ఒకటే ఆర్టరీ ఉందంటే భయపడాలా?

యాంకర్: నమస్తే. బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టులో ‘సింగిల్ అంబిలికల్ ఆర్టరీ’, అంటే బొడ్డుతాడులో ఒకటే ధమని అని చూసి నిద్ర పట్టడం లేదంటూ ఒక శ్రోత మాకు వాయిస్ మెసేజ్ పంపారు. అందుకే ఈరోజు కడుపులోని బిడ్డ ఆరోగ్యాన్ని చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ గారిని పిలిచాం. మేడమ్, ఆ అమ్మాయికి ముందు ఏం చెబుతారు?

డాక్టర్: రిపోర్టులో మిగతావన్నీ బాగున్నాయి అని ఉంటే, బిడ్డ ఆరోగ్యంగా పుట్టే అవకాశమే చాలా ఎక్కువమ్మా. ముందు ఆ మాట మనసులో పెట్టుకోమనండి.

యాంకర్: అసలు బొడ్డుతాడులో ఎన్ని రక్తనాళాలు ఉండాలి?

డాక్టర్: మూడు. రెండు ధమనులు, ఒక సిర. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని బడిలో చదువుకున్నాం కదా, బొడ్డుతాడులో అది తిరగబడుతుంది. మాయ, అంటే ప్లాసెంటా నుంచి ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు తెచ్చేది ఆ ఒక్క సిరే. వాడేసిన రక్తాన్ని మళ్లీ మాయకు చేర్చేవి ధమనులు. ఈ మూడింటి చుట్టూ మెత్తటి జిగురు పదార్థం ఉంటుంది. బిడ్డ కదిలినా, తాడు ఒత్తుకున్నా నాళాలు నలగకుండా కాపాడేది అదే.

యాంకర్: అంటే ఒక ధమని లేకపోయినా బిడ్డకు ఆహారం అందే దారి అలాగే ఉంటుందన్నమాట.

డాక్టర్: అవును. ఉన్న ఒక్క ధమనీ కాస్త వెడల్పై రెండింటి పనీ చేస్తుంది. ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో అర శాతం నుంచి ఒక శాతం దాకా ఇది కనిపిస్తుంది. కవలల్లో ఇంకా ఎక్కువ. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టి చూస్తే బిడ్డ మూత్రాశయానికి చెరో పక్కా ఒక్కో నాళం కనపడాలి. ఒక పక్కే కనపడితే మాకు విషయం తెలిసిపోతుంది. ఎక్కువమందిలో లేనిది ఎడమ వైపుదే.

యాంకర్: మరి మీరు వెంటనే ఏం వెతుకుతారు?

డాక్టర్: గుండె, కిడ్నీలు. ఇది ఉన్న కొందరు పిల్లల్లో వాటిలో కూడా లోపాలు ఉంటాయి కాబట్టి వాటిని మరింత జాగ్రత్తగా చూస్తాం. గుండె సరిగా కనపడకపోయినా, అనుమానం ఉన్నా ఫీటల్ ఎకో, అంటే బిడ్డ గుండెకు ప్రత్యేకంగా చేసే స్కాన్ చేయిస్తాం. ఇంకో లోపం ఏదైనా కనపడితే లెక్క మారుతుంది. అప్పుడు క్రోమోజోముల సమస్య ఉందేమో తేల్చుకోవడానికి, సూదితో ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష గురించి మాట్లాడతాం. ఇదొక్కటే ఉండి, ముందు చేసిన క్రోమోజోముల స్క్రీనింగ్ కూడా బాగుంటే ఆ సూది పరీక్ష అక్కర్లేదు. చివరి మూడు నెలల్లో బిడ్డ బరువు సరిగా పెరుగుతోందా అని గ్రోత్ స్కాన్ చేయించుకోవాలి. ఈ ఒక్క కారణానికే ఆపరేషన్ చేయాల్సిన పని లేదు, నార్మల్ డెలివరీకి ప్రయత్నించవచ్చు.

యాంకర్: ఇంట్లో పెద్దవాళ్లు ‘గ్రహణం రోజు బయటికి వచ్చావా, బొప్పాయి తిన్నావా’ అని అడుగుతున్నారట.

డాక్టర్: దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిండం తయారయ్యే తొలి వారాల్లోనే ఇది జరిగిపోతుంది. చాలామందికి గర్భం వచ్చినట్టు కూడా అప్పటికి సరిగా తెలియదు. అత్తగార్లు, భర్తలు వింటుంటే నా మనవి, ఆ పిల్లను ఇలాంటి ప్రశ్నలతో బాధపెట్టకండి. చాలా కోపం వస్తుంది నాకు.

యాంకర్: ఒక ధమని లేదంటే ఇల్లంతా టెన్షన్ పడుతుంది. కానీ దీనికన్నా మనం ఎక్కువ పట్టించుకోవాల్సింది వేరే ఉందని ప్రోగ్రాం మొదలయ్యే ముందు అన్నారు.

డాక్టర్: వాసా ప్రీవియా. ఈ పేరు ప్రతి గర్భిణికీ తెలియాలని నా కోరిక. తాడు సాధారణంగా మాయ మధ్యలోనో, ఆ చుట్టుపక్కలో అతుక్కుంటుంది. కొందరిలో మాయ దాకా రాకుండా పక్కనున్న పొరలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి నాళాలు ఆ జిగురు రక్షణ లేకుండా పొర మీదుగా మాయకు వెళతాయి. అవి గర్భసంచి ముఖద్వారం మీదుగా వెళ్లాయనుకోండి, ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు నాళం కూడా తెగవచ్చు. పోయేది తల్లి రక్తం కాదమ్మా, బిడ్డ రక్తం. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది పావు లీటరు పైచిలుకు. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

యాంకర్: వింటుంటేనే భయంగా ఉంది.

డాక్టర్: ముందే తెలిస్తే దాదాపు అందరినీ కాపాడుకోవచ్చు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. 2004లో 155 కేసులను పరిశీలించిన ఒక అధ్యయనం వచ్చింది. ముందే స్కాన్‌లో కనిపెట్టిన వాళ్లలో 97 శాతం పిల్లలు బతికారు. కనిపెట్టని వాళ్లలో 44 శాతమే.

యాంకర్: అంత తేడానా! మరి అందరికీ స్కాన్‌లో కనిపిస్తుందా?

డాక్టర్: వెతికితే చాలావరకు కనిపిస్తుంది. తాడు మాయకు ఎక్కడ అతుక్కుందో టిఫాలోనే చూడొచ్చు. మాయ కిందికి ఉన్నవాళ్లు, తర్వాత అది పైకి జరిగినా సరే, ఐవీఎఫ్‌తో గర్భం దాల్చినవాళ్లు, కవలలున్నవాళ్లు, మాయ రెండు ముక్కలుగా ఉన్నవాళ్లు, వీళ్లకు కలర్ డాప్లర్‌తో ముఖద్వారం దగ్గర ప్రత్యేకంగా చూడాలి. యోని ద్వారా చేసే స్కాన్‌లో బాగా తెలుస్తుంది. దాని వల్ల బిడ్డకు హాని ఉండదు, వద్దనకండి.

యాంకర్: ఉందని తేలితే?

డాక్టర్: కొందరిలో గర్భసంచి పెరిగేకొద్దీ నాళాలు పక్కకు తప్పుకుంటాయి, అందుకని 32 వారాల దగ్గర మళ్లీ చూస్తాం. తప్పుకోకపోతే నొప్పులు రాకముందే, 34 నుంచి 37 వారాల మధ్య సిజేరియన్ పెట్టుకుంటాం. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ముందే ఇస్తాం. ఇల్లు ఆసుపత్రికి దూరమైతే కొన్ని వారాల ముందే అడ్మిట్ అవమంటాం.

యాంకర్: టిఫా ఖర్చు భరించలేని వాళ్లు?

డాక్టర్: తెలంగాణలో 2022లో 44 ప్రభుత్వాసుపత్రుల్లో 56 టిఫా మెషిన్లు పెట్టారు. ఏ ఊళ్లో ఉన్నా 18 నుంచి 22 వారాల మధ్య చేయించుకోండి. చేసే డాక్టర్‌ని ‘తాడు మాయకు ఎక్కడ అతుక్కుంది, ముఖద్వారం మీద నాళాలేమైనా ఉన్నాయా’ అని అడగండి. ఆ జవాబు రిపోర్టులో రాయమనండి. వాసా ప్రీవియా ఉందని తెలిసినవాళ్లకు కొంచెం రక్తం కనపడినా, నీళ్లు పోయినా, ఫోన్ చేసి అడుగుతూ కూర్చోవద్దు. ఫైలు పట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి, గేటు దగ్గరే ఆ పేరు చెప్పాలి.