అందరూ ఆహ్వానితులే

శ్రోతలకు నమస్కారం.

ఏ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనైనా నోటీసు బోర్డు ముందు నిలబడితే 'రానున్న కార్యక్రమాలు' అన్న శీర్షిక కింద నాలుగైదు కాగితాలు కనిపిస్తాయి. తేదీ, సమయం, హాలు, వక్త పేరు, ప్రసంగాంశం. ఇప్పుడు అవే కాగితాలు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. చాలావాటి అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: 'అందరూ ఆహ్వానితులే'. ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ వాక్యం గురించే. రాసేవాళ్లు అలవాటుగా రాసేస్తారు, చదివేవాళ్లు అలవాటుగా దాటిపోతారు. నేను మాత్రం అందులోని 'అందరూ' అన్న మాటను నమ్మి చాలా ఏళ్లుగా అలాంటి సభలకు వెళ్తున్నాను. వెళ్లిన ఏ చోటా నేను విద్యార్థిని కాను, అధ్యాపకుణ్ణీ కాను. వినడానికి వచ్చినవాణ్ణి, అంతే.

మొదటిసారి వెళ్లింది తేనెటీగల మీద ప్రసంగానికి. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఎవరైనా మీరెవరని అడిగితే లేచి వెళ్లిపోవడానికి వీలుగా ఉంటుందని. ఎవరూ అడగలేదు. పువ్వులున్న చోటు కనిపెట్టి వచ్చిన ఈగ, చీకటి పట్టులో తోటి ఈగలకు ఆ చోటు ఎలా చెబుతుందో వక్త వివరించారు. నిలువుగా ఉన్న పట్టు మీద అది ఒళ్లు ఊపుతూ ఒక గీత వెంబడి నడుస్తుంది. ఆ గీత నిట్టనిలువు నుంచి ఎంత పక్కకు ఒరిగి ఉంటే, బయట పువ్వులు సూర్యుడున్న దిక్కు నుంచి అంత పక్కకు ఉన్నట్టు. ఎంత ఎక్కువసేపు ఊగితే అంత ఎక్కువ దూరం. ఈ నాట్యానికి అర్థం విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచారు. తేనెటీగల్ని పెంచుకునే మనిషి. "అయ్యా, మబ్బు పట్టి సూర్యుడు కనపడని రోజు కూడా నా ఈగలు వెళ్లొస్తూనే ఉన్నాయి. అప్పుడు వాటికి దిక్కు ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. వక్త ముఖంలో ఒక్కసారిగా కళ వచ్చింది. మబ్బుల సందున కాస్త నీలాకాశం కనిపించినా చాలునట. ఆ వెలుతురులో మన కంటికి ఆనని ఒక తీరు, ధ్రువణం అంటారు దాన్ని, ఈగ కంటికి ఆనుతుంది. దాన్నిబట్టి సూర్యుడు ఎటున్నదీ పోల్చుకుంటుంది. ఆకాశం మొత్తం మూసుకుపోతే తెలిసిన చెట్లూ గట్లూ ఆనవాళ్లు. సభ ముగిశాక ఆ ఇద్దరూ మెట్ల మీద నిలబడి ఇంకో అరగంట మాట్లాడుకున్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. అప్పుడు ప్రశ్నలు అడుగుతున్నది వక్త, జవాబులు చెబుతున్నది పెద్దాయన.

ఆ రోజు నుంచీ నేను ఆ బోర్డుల ముందు ఆగుతున్నాను.

ఈ 'అందరూ' అన్న మాట వెనక గట్టి చరిత్రే ఉంది. స్కాట్లాండ్‌లో ఆడం గిఫర్డ్ అనే న్యాయమూర్తి ఉండేవారు. 1887లో చనిపోతూ, ఎడింబరో, గ్లాస్గో, సెంట్ ఆండ్రూస్, అబర్డీన్ విశ్వవిద్యాలయాలకు 80,000 పౌండ్లు రాసి పెట్టారు. దైవం గురించీ మనిషికి దైవాన్ని గురించి ఉన్న ఎరుక గురించీ ఉపన్యాసాలు పెట్టించాలన్నది ఆయన కోరిక. వీలునామాలో ఒక షరతు పెట్టారు. ఆ ఉపన్యాసాలు అక్కడి విద్యార్థుల కోసం మాత్రమే కాకూడదు, విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకోని జనమంతా వచ్చి వినేలా ఉండాలి. 1888లో మొదలైన ఆ ఉపన్యాసాలు ఈనాటికీ జరుగుతున్నాయి. మనం ధర్మనిధి ఉపన్యాసం అంటామే, అదీ ఇలాంటిదే. ఎవరో ఒకరు తన సొమ్ము పక్కన పెట్టి, తాను పోయాక కూడా ముక్కూ మొహం తెలియని మనుషులు వచ్చి కూర్చుని వినాలని కోరుకుంటారు. ఖాళీ కుర్చీల ముందు ధర్మనిధి ఉపన్యాసం జరుగుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే నోటీసు చదవడం కూడా కొంచెం నేర్చుకోవాలి. అన్నీ ఒక రకం కాదు. సెమినార్ అని ఉంటే సాధారణంగా అది ఆ విషయంలో పనిచేసేవాళ్లు తమలో తాము మాట్లాడుకునే చోటు. వెళ్లొచ్చు, కానీ పది నిమిషాల్లో దారి తప్పితే మన తప్పు కాదు. కొలోక్వియం అంటే మొత్తం శాఖ కోసం, కాస్త విశాలంగా చెప్పేది. స్మారకోపన్యాసం, ధర్మనిధి ఉపన్యాసం, కొత్తగా ఆచార్య పదవి అందుకున్నవారు తమ పనిని పరిచయం చేస్తూ చేసే తొలి ఉపన్యాసం, ఇవి మనలాంటివాళ్ల కోసమే. ప్రయోగశాలల తలుపులు తెరిచి చూపించే ఓపెన్ డే అయితే పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. జర్మనీలోనో స్వీడన్‌లోనో చదువుకునే మీ పిల్లలు ఎప్పుడైనా మిమ్మల్ని అక్కడి సభకు తీసుకువెళ్తే మరో సంగతి గుర్తుపెట్టుకోండి. జర్మనీలో సమయం పక్కన 'సి.టి.' అనే రెండక్షరాలు ఉంటే, పది గంటలన్న ఉపన్యాసం పదీ పావుకు మొదలవుతుంది. 'ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా పదికే. 'అకడమిక్ పావుగంట' అని దానికి పేరు, స్వీడన్‌లోనూ ఆ అలవాటు ఉంది.

స్నాతకోత్సవ ప్రసంగాల్ని మొక్కుబడి అనుకుంటాం, కానీ అన్నీ అలా ఉండవు. 1947 జూన్ 5న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గౌరవ పట్టా అందుకోవడానికి అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ వచ్చారు. ఆయన మాట్లాడింది పావుగంటకు లోపే. యుద్ధంలో చితికిపోయిన యూరప్ నిలదొక్కుకోవడానికి సాయం చేయాలన్నది ఆ మాటల సారం. మార్షల్ ప్రణాళికగా పేరుపడి సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయంగా మారింది ఆ చిన్న ప్రసంగమే.

శీర్షిక చూసి 'ఇది మనకు కాదులే' అని వెళ్లిపోయేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1993 జూన్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐజాక్ న్యూటన్ సంస్థలో గణితవేత్తల సమావేశం. కార్యక్రమాల పట్టికలో ఆండ్రూ వైల్స్ అనే ఆయన పేరు మీద వరసగా మూడు రోజులు మూడు ఉపన్యాసాలు. శీర్షిక 'మాడ్యులర్ ఫార్మ్స్, ఎలిప్టిక్ కర్వ్స్, గాల్వా రిప్రజెంటేషన్స్'. ఈ మూడు మాటల్లో ఒక్కటైనా వీధిలో పోయే మనిషిని ఆపుతుందా? ఆపదు. ఆ శీర్షికలో వైల్స్ చెప్పని మాట ఒకటుంది. ఫెర్మా.

మూడు వర్గం, నాలుగు వర్గం కలిపితే అయిదు వర్గం వస్తుందని బడిలో చదువుకున్నాం. తొమ్మిదీ పదహారూ ఇరవై అయిదు. ఇలా రెండు వర్గాలు కలిసి మరో వర్గమయ్యే సంఖ్యలు లెక్కలేనన్ని ఉన్నాయి. మరి రెండు ఘనాలు కలిసి ఇంకో ఘనమవుతాయా? నాలుగో ఘాతం, అయిదో ఘాతం? ఎన్నటికీ కావని, అందుకు తన దగ్గర చక్కని నిరూపణ ఉందని, అది రాయడానికి ఈ అంచు చాలదని 1637 ప్రాంతంలో పియెర్ ద ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త ఒక పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నాడు. ఆ నిరూపణ మూడు వందల యాభై ఏళ్లు ఎవరికీ దొరకలేదు. వైల్స్ పదేళ్ల పిల్లాడిగా ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకం తెరిచి ఈ లెక్క చూశాడు. పెద్దయ్యాక ఏడేళ్ల పాటు దాదాపు ఎవరికీ చెప్పకుండా దాని మీద పనిచేశాడు.

మొదటి రోజు ఉపన్యాసం మామూలుగా జరిగింది. రెండో రోజుకు గుసగుసలు మొదలయ్యాయి, ఈ దారి ఎటు పోతోందో కొందరు పసిగట్టారు. మూడో రోజు, జూన్ 23న, హాలు నిండిపోయింది. కెమెరాలు తెచ్చుకున్నారు. వైల్స్ బోర్డు మీద చివరగా ఫెర్మా వాక్యం రాసి, ఇక్కడితో ఆపుతానని చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి. కథ అక్కడితో అయిపోలేదు కూడా. తర్వాత కొన్ని నెలల్లోనే ఆ నిరూపణలో ఒక లోపం బయటపడింది. పాత శిష్యుడు రిచర్డ్ టేలర్ తోడుగా 1994 సెప్టెంబరులో దాన్ని సరిచేశాడు, 1995లో అచ్చయింది. ఆ మొదటి రోజు హాల్లో కూర్చున్నవాళ్లలో తాము ఏ కథ మొదటి అధ్యాయం వింటున్నారో ఎందరికి తెలిసి ఉంటుంది! నాకు ఆ లెక్కలు ఒక్క ముక్క అర్థం కాకపోయేవి. అయినా అక్కడ ఉంటే బాగుండేదని ఈనాటికీ అనిపిస్తుంది.

ఇక సభలు పెట్టేవాళ్లకు నా మనవి. 'అందరూ ఆహ్వానితులే' అని రాసినప్పుడు ఆ అందరికీ అర్థమయ్యేలా మిగతా కాగితం కూడా రాయండి. ఒకసారి రెండు బస్సులు మారి ఒక స్మారకోపన్యాసానికి వెళ్లాను. నోటీసులో ఉన్నది 'కాన్ఫరెన్స్ హాలు' అన్న మాట మాత్రమే. ఆ ప్రాంగణంలో అలాంటివి మూడున్నాయి. అడుగుతూ అడుగుతూ వెళ్లేసరికి ఆ హాలుకు తాళం. వేదిక ముందురోజే మార్చారట, శాఖలో వాళ్లందరికీ తెలుసు. తలుపు మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంటే నాలాంటివాళ్లు మరో నలుగురం వెనక్కి తిరిగిపోయేవాళ్లం కాదు. భవనం పేరు, ఏ గేటు నుంచి రావాలి, ముందే పేరు నమోదు చేసుకోవాలా, ప్రసంగం ఏ భాషలో, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు దారి ఉందా, ఆన్‌లైన్‌లో వినే వీలుందా, ఉంటే ఆ సమయం ఏ దేశానిది? ఇంత రాస్తే చాలు. శీర్షిక కింద మామూలు మాటల్లో రెండు వాక్యాలు చేరిస్తే మరీ సంతోషం.

అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా చెప్పడం. రేపటి సభకు ఈ రాత్రి పంపే సమాచారం అందరికీ పిలుపు కాదు, పక్క గదిలో ఉన్నవాళ్లకు పిలుపు. స్వీడన్‌లో డాక్టరేట్ సిద్ధాంత వ్యాసాన్ని, అభ్యర్థి అందరి ముందూ నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పే బహిరంగ పరీక్షకు మూడు వారాల ముందే అందరికీ అందుబాటులో పెట్టాలన్నది పాత ఆచారం. దాన్ని 'మేకు కొట్టడం' అంటారు. కొన్ని చోట్ల ఈనాటికీ పరిశోధకులు సుత్తి పట్టుకుని, తమ వ్యాసానికి నిజంగానే మేకు కొట్టి గోడకు వేలాడదీస్తారు. మూడు వారాలు ఎందుకంటే, ఎవరైనా చదివి, ఆలోచించి, ప్రశ్నతో రావడానికి. సుత్తి దెబ్బ ఆ భవనమంతా వినబడుతుందన్నది నాకు భలే నచ్చిన సంగతి.

రానున్న కార్యక్రమాల్లో నేను ముందుగా వెతికేది ఈ బహిరంగ పరీక్షలే, మన దగ్గర ఓపెన్ వైవా అంటాం. నెదర్లాండ్స్‌లో చాలా చోట్ల ఇది ముప్పావు గంట జరుగుతుంది. సమయం కాగానే దండం పట్టుకున్న ఉద్యోగి లోపలికి వచ్చి, లాటిన్‌లో 'హోరా ఎస్ట్', వేళయింది, అని ప్రకటిస్తాడు. అభ్యర్థి మాట మధ్యలో ఉన్నా సరే. ఫిన్లాండ్‌లో పరీక్షకుడి ప్రశ్నలన్నీ అయ్యాక అభ్యర్థి సభ వైపు తిరుగుతాడు. నా పని మీద విమర్శ ఉన్నవాళ్లు దయచేసి అధ్యక్షుల అనుమతి తీసుకుని మాట్లాడండి అని తానే కోరతాడు. ఏళ్ల తరబడి చేసిన పనిని చేతుల్లో పట్టుకుని, ఎవరో కూడా తెలియని మనుషుల ముందు నిలబడి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో!

మన దగ్గర ఆ మాట అధ్యక్షస్థానంలో ఉన్నవారు అంటారు. 'సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?' అని. ఎక్కువసార్లు ఎవరూ లేవరు. అభ్యర్థి ఊపిరి పీల్చుకుంటాడు, కానీ ఆ కళ్లలో చిన్న నిరాశ కూడా నేను చూశాను.

వచ్చే గురువారం ఒక ఓపెన్ వైవా ఉంది. నది మలుపుల్లో ఒండ్రు ఎలా మేట వేస్తుందన్నది విషయం. సారాంశం కాగితం తెచ్చుకుని రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది. ఎగువన ఆనకట్ట కట్టాక ఆ ఒండ్రంతా ఎక్కడ ఆగిపోతుంది, కింద సముద్రం దగ్గర నేల ఏమవుతుంది అని ఒక ప్రశ్న రాసి జేబులో పెట్టుకున్నాను. ఈసారి ముందు వరసలో కూర్చుంటాను.

సెలవు. నమస్కారం.