నూరు పగళ్లు, నూరు రాత్రులు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పను. పోయినసారి ఒక పెద్దాయన పేరు మర్చిపోయి ఆర్నెల్లు మాట పడ్డాను.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ‘రికార్డింగులో వచ్చిన మార్పులు’. దానికి నేను ఒకే ఒక్క ఆల్బమ్ పట్టుకొచ్చాను. అమెరికాలో షారన్ జోన్స్ అనే సోల్ గాయని డ్యాప్-కింగ్స్ బృందంతో కలిసి 2007లో చేసిన ‘హండ్రెడ్ డేస్, హండ్రెడ్ నైట్స్’. సోల్ అంటే ఏమిటని ఇందాక ఒకమ్మాయి అడిగింది. అక్కడి నల్లజాతివాళ్ల చర్చి పాట వీధిలోకొచ్చి ప్రేమ గురించీ, మోసపోవడం గురించీ పాడితే అది సోల్, తల్లీ.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో బుష్‌విక్ అనే పేట. అక్కడొక పాత ఇల్లు. అదే స్టూడియో, అదే కంపెనీ ఆఫీసు. కంపెనీ పేరు డ్యాప్‌టోన్. బృందంలో బేస్ గిటార్ వాయించే గేబ్రియల్ రాత్, శాక్సొఫోన్ వాయించే నీల్ షుగర్‌మన్ కలిసి పెట్టుకున్న సొంత కొట్టు. ట్రాకంటే ఒక్కో వాయిద్యాన్నీ, గొంతునీ విడిగా పట్టే వరస. లోకమంతా కంప్యూటర్లో ఎన్ని ట్రాకులు కావాలంటే అన్ని పేర్చుకుంటుంటే వీళ్లు ఎనిమిది ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. ఎనిమిదే! డ్రమ్స్‌కెన్ని, బూరలకెన్ని, గొంతుకెన్ని అని ముందే లెక్క వేసుకోవాలి. మా అమ్మ రేషన్ కిరోసిన్ లాంతరుకింత, పొయ్యికింత అని పంచినట్టు.

సాంకేతిక విషయాలు ఇంకో రెండు పేజీలు రాసుకొచ్చాను. వదిలేస్తున్నాను. కార్యదర్శిగారు క్షమించాలి.

షారన్ 1956లో జార్జియా రాష్ట్రం అగస్టాలో పుట్టింది. చర్చిలో పాడింది, పెళ్లిళ్ల బ్యాండ్లలో పాడింది. పొట్టకూటికి రైకర్స్ ఐలాండ్ జైల్లో గార్డుగా చేసింది, డబ్బు మోసే వ్యానుకు తుపాకీ పట్టి కాపలా కాసింది. ఓ రికార్డు కంపెనీ మనిషి ఆమెతో అన్నాడట: పొట్టి, నలుపు, లావు, పైగా వయసైపోయింది. గొంతు గురించి మాత్రం ఏమీ అన్లేదు. మొదటి ఆల్బమ్ వచ్చింది 2002లో. అప్పటికామెకు 46 ఏళ్లు.

ఈ మాటలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా పెద్దక్క తెనాలిలో చర్చి క్వయర్లో పాడేది. ఒక ఆర్కెస్ట్రావాళ్లు విని తీసుకెళ్లారు. రిహార్సల్లో చప్పట్లు. తీరా ప్రోగ్రాం రోజు కీబోర్డు వెనక స్టూలేసి కూర్చోబెట్టారు. “గొంతు బాగుందమ్మా, ముందు నిలబడ్డానికి వేరే అమ్మాయి ఉంది.” వేరే అమ్మాయి ఎందుకో చెప్పక్కర్లేదు, మీకు తెలుసు. సంబంధాలు చూసేటప్పుడు మనమూ అదే మాట అంటాం. అనమా? ముందు వరసలో తల దించుకున్నవాళ్లు కనపడుతూనే ఉన్నారు. అక్క నాలుగు ప్రోగ్రాములు ఆ స్టూలు మీద నుంచే పాడి మానేసింది.

ఎక్కడున్నాను? ఆఁ, 1996. లీ ఫీల్డ్స్ అనే గాయకుడి రికార్డింగుకి కోరస్ పాడ్డానికి ముగ్గుర్ని పిలిస్తే షారన్ ఒక్కతే వచ్చింది. మిగతా ఇద్దరి పాటా తనే పాడేసింది. కోరస్‌కి వచ్చిన మనిషి చేత గేబ్రియల్ రాత్ వాళ్లు సొంతంగా ఒక పాట పాడించారు. మా అక్క దగ్గర అలాంటి ఒక్కడు లేకపోయాడు, అంతే తేడా.

టైమైందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు.

ఎమీ వైన్‌హౌస్ అనే ఇంగ్లండ్ గాయని ‘బ్యాక్ టు బ్లాక్’ ఆల్బమ్‌లో సగం పాటలకు వాయించింది ఈ డ్యాప్-కింగ్సే. 2008లో వైన్‌హౌస్‌కి ఐదు గ్రామీలొచ్చాయి. గ్రామీ అంటే అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద బహుమతి. షారన్‌ని మొదటిసారి గ్రామీకి నామినేట్ చేసింది 2014 ఆల్బమ్‌కి. క్యాన్సర్ వల్ల ఆలస్యంగా విడుదలైన ఆల్బమ్ అది. అది కూడా నామినేషనే, బహుమతి రాలేదు. జుట్టంతా ఊడిపోయినా విగ్గు లేకుండా స్టేజీ ఎక్కింది. 2016 నవంబర్ 18న పోయింది. 60 ఏళ్లు.

ఇక పాట వినండి. మగాడి మనసు తెలియడానికి నూరు పగళ్లు, నూరు రాత్రులు పడుతుందని పాడుతుంది. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. బాబూ, ఆ ఫ్యాను కట్టెయ్. కాసేపు ఉక్కపోతకి ఏమీ కాదు. మధ్యలో ఒకచోట, కాస్త నెమ్మదిగా వెళదామని ఆమే చెప్పి పాట వేగం తగ్గిస్తుంది. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి.