పగుళ్లు లేవని సంతకం పెట్టే ముందు

అందరికీ నమస్కారం. రెక్క కనిపించే కిటికీ సీటులో కూర్చున్నవాళ్లు ఇది చూసే ఉంటారు. విమానం దిగడానికి ఇంకాసేపు ఉందనగా గుర్రుమని శబ్దం వస్తుంది, రెక్క వెనకంచు మెల్లగా జారి కిందికి వంగుతుంది, మధ్య సందుల్లోంచి నేల కూడా కనిపిస్తుంది. అవే ఫ్లాపులు. వేగం తగ్గినా రెక్కకు సరిపడా లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి మోసే బలం, ఉండాలంటే రెక్క పెద్దది కావాలి, ఇంకా వంగాలి, ఆ పని ఇవి చేస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది మాత్రం పైకి కనిపించే ఆ పలకల గురించి కాదు, వాటిని పట్టుకుని ఉండే లోపలి సామాను గురించి, అందులో పగుళ్లు పుట్టాయో లేదో ఎలా వెతుకుతామన్న దాని గురించి.

రెక్క కింద పొడుగాటి తొడుగులు వేలాడుతుంటాయి కదా, చాలామంది వాటిని ఇంధన ట్యాంకులనుకుంటారు. కావు. అవి ఫెయిరింగులు. వాటిని విప్పితే లోపల వంపు తిరిగిన ఉక్కు పట్టా ఉంటుంది, దాన్ని ఫ్లాప్ ట్రాక్ అంటాం. ఆ ట్రాక్ మీద రోలర్లున్న క్యారేజ్ నడుస్తుంది, క్యారేజ్‌ని ఫ్లాప్‌కి కలిపే స్పిండిల్ ఉంటుంది, మొత్తాన్ని ముందుకీ వెనక్కీ నడపడానికి జాక్‌స్క్రూ ఉంటుంది. అన్ని విమానాల్లో ఇదే అమరిక ఉండదు, కొన్నిట్లో ట్రాక్ బదులు కీలుతో వేలాడే ఫ్లాపులుంటాయి, కానీ సూత్రం ఒక్కటే: ఫ్లాప్ మీద పడే గాలి బలమంతా రెండు మూడు చోట్ల మాత్రమే రెక్కలోకి దిగుతుంది. ఆ రెండు మూడు చోట్లే మన పని.

ప్రయాణమంతా ఫ్లాపులు ముడుచుకునే ఉంటాయి కాబట్టి ఈ భాగాల మీద పెద్ద బరువేమీ పడదు. టేకాఫ్‌కి ఒకసారి, ల్యాండింగ్‌కి ఒకసారి దించినప్పుడు గట్టిగా పడుతుంది, మళ్లీ పోతుంది. అందుకే ఈ భాగాల వయసుని ఎన్ని గంటలు ఎగిరిందన్న లెక్కతో చూస్తే తప్పుదారి పడతాం. ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్నదే లెక్క, దాన్నే సైకిల్ అంటాం. ఖండాలు దాటే విమానం రోజంతా గాల్లో ఉండి ఒకటి రెండు సైకిళ్లు వాడుకుంటే, దగ్గర దగ్గర ఊళ్ల మధ్య తిరిగేది అదే రోజులో ఆరేడు వాడేస్తుంది. ఎయిర్‌బస్ ఏ320ని మొదట డిజైన్ చేసినప్పుడు పెట్టుకున్న లక్ష్యం 48,000 సైకిళ్లు. అన్నిసార్లు ఒకే చోట బరువు పడటం, పోవడం, పడటం, పోవడం. ఒక్కసారి పడితే లోహాన్ని ఏమీ చేయలేని బరువే, వేలసార్లు పడితే పగులు పుట్టిస్తుంది. ఇదే ఫెటీగ్.

పగులు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. బోల్టు రంధ్రం అంచున, మందం ఒక్కసారిగా మారే మూలలో, గ్రీజు కింద నీరు చేరి తుప్పు గుంట పెట్టినచోట, రోలర్ రాసుకుని గీత పడ్డచోట పుడుతుంది. తయారీలో గ్రైండింగ్ వేడికి ఉక్కు పైపొర కాలిపోయి ఉంటే అక్కడ కూడా. పుట్టాక ఎంత నెమ్మదిగా మొదలవుతుందంటే, ఒక్కో సైకిల్‌కి మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు కూడా పెరగకపోవచ్చు. కానీ పగులు పొడవు పెరిగేకొద్దీ దాని కొన దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే పెరుగుదల ఇంకా వేగం అందుకుంటుంది. అంటే పగులు తన జీవితంలో ఎక్కువ భాగం మన కంటికి ఆననంత చిన్నగానే గడిపేస్తుంది, బాగా కనబడే సైజుకి వచ్చేసరికి మిగిలిన సైకిళ్లు తక్కువ. మా పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది.

ఫ్లాప్ ట్రాకుల విషయంలో ఇంకో చిక్కుంది, దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే బయట దీన్ని ఎవరూ పట్టించుకోరు. విమానం ఒంటి మీద ఉండే అల్యూమినియం రేకు సాగే గుణమున్నది, అందులో పగులు చాలా పొడవు పెరిగినా ఒక్కసారిగా తెగిపోకుండా ఉండేలా డిజైన్ చేయొచ్చు. ట్రాకులకు, స్పిండిళ్లకు వాడేది చాలా ఎక్కువ బలమున్న ఉక్కు, తక్కువ చోటులో ఎక్కువ బరువు మోయాలి కాబట్టి వేరే దారి లేదు. బలం పెరిగేకొద్దీ ఆ ఉక్కుకి పగులుని తట్టుకునే ఓర్పు తగ్గుతుంది. కొన్ని మిల్లీమీటర్ల పగులుకే భాగం ఠక్కున తెగిపోవచ్చు. అంటే మనం కనిపెట్టగలిగే సైజుకీ తెగిపోయే సైజుకీ మధ్య దూరం చాలా తక్కువ. దానికి తోడు ఈ ఉక్కుకి హైడ్రోజన్ అంటే పడదు. తుప్పు పట్టకుండా కాడ్మియం లాంటి పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి దూరుతుంది, పూత అయిన వెంటనే గంటల తరబడి ఓవెన్‌లో పెట్టి దాన్ని బయటకు తరిమేయాలి. ఆ పని సరిగ్గా జరగకపోతే భాగం పెళుసుబారిపోతుంది, పైకి మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది.

2019 జూన్‌లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, బోయింగ్ కలిసి ఒక ప్రకటన చేశాయి. 737 రెక్క ముందంచున ఫ్లాపుల్లాగే జారే స్లాట్లనే పలకల ట్రాకుల్లో ఒక సరఫరాదారు తయారుచేసిన ఒక లాట్‌లోవి, 148 వరకూ, సరిగ్గా తయారు కాలేదని, అవి గడువుకు ముందే పగలొచ్చని చెప్పారు. అనుమానం ఉన్న విమానాలు ప్రపంచవ్యాప్తంగా 312, అందులో 179 మ్యాక్స్ రకం, 133 అంతకుముందు తరం ఎన్జీ రకం. అంతకుముందు, 2003లో, పాత 737ల ఔట్‌బోర్డ్, అంటే రెక్క బయటివైపు ఉండే, ఫ్లాపుల క్యారేజ్ స్పిండిళ్లలో పగుళ్లు, తుప్పు, తెగిపోవడం బయటపడి వాటిని మళ్లీ మళ్లీ పరీక్షించాలని ఎఫ్ఏఏ ఆదేశించింది. ఒక్క చిన్న భాగం గురించి అంత పెద్ద ఆదేశం ఎందుకని అడగొచ్చు. ఒక వైపు ఫ్లాప్ ఆధారం తెగిపోయి రెండో వైపుది బాగుంటే రెండు రెక్కల లిఫ్ట్ సమానంగా ఉండదు, విమానం ఒక పక్కకి దొర్లడానికి చూస్తుంది, అదీ నేలకి దగ్గరగా, వేగం తక్కువగా ఉన్నప్పుడు. రెండు వైపుల ఫ్లాపులు తేడాగా కదిలితే పట్టుకుని ఆపేసే సెన్సర్లున్నాయి, నిజమే. కానీ నడిపే షాఫ్ట్ దగ్గర మాత్రమే సెన్సర్ ఉన్న అమరికలో, దానికి అవతల ఉన్న ఉక్కు భాగం తెగిన సంగతి ఆ సెన్సర్‌కి తెలియదు. 1979 మే 25న చికాగోలో డీసీ-10 ఎడమ ఇంజిన్ ఊడిపోయినప్పుడు ఆ వైపు బయటి స్లాట్లు వాటంతటవే ముడుచుకుపోయి, ఆ రెక్క లిఫ్ట్ కోల్పోయి విమానం కూలింది. 273 మంది పోయారు. అక్కడ మొదలైంది ఇంజిన్ ఆధారం దగ్గర, ఫ్లాప్ దగ్గర కాదు, కానీ ఒక వైపే ముడుచుకుంటే ఏమవుతుందో అంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇక పరీక్షలు ఎప్పుడు చేయాలన్నది ఎలా తేలుతుంది? 1977 మే 14న జాంబియాలోని లుసాకా దగ్గర ఒక 707 సరుకు విమానం దిగబోతోంది. ఫ్లాపులు 50 డిగ్రీలకి దించిన కాసేపటికే కుడి వైపు తోక రెక్క ఊడిపోయింది, అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. తోక రెక్క వెనక స్పార్‌లో, అంటే దాని పొడవునా బరువు మోసే లోపలి దూలంలో, ఎప్పటినుంచో ఫెటీగ్ పగులు పెరుగుతూ వచ్చింది. ఒక భాగం తెగితే పక్కది మోస్తుందన్న నమ్మకంతో చేసిన డిజైన్ అది. ఆ ఏర్పాటూ చాలలేదు, పగులుని సమయానికి పట్టుకునే పరీక్షా లేదు. ఆ మరుసటి ఏడాదే, 1978లో, అమెరికా డిజైన్ నిబంధనలు మారాయి: పగులు వస్తుందనే అనుకోండి, ఎంత వేగంగా పెరుగుతుందో లెక్కగట్టండి, ప్రమాదకరం కాకముందే దొరికేలా పరీక్షలు పెట్టండి అన్నది వాటి సారం.

ఇది నేను బలంగా చెప్పదలుచుకున్న విషయం. పరీక్షల మధ్య విరామం ఎవరో సౌకర్యం చూసుకుని పెట్టింది కాదు. మనం నమ్మకంగా కనిపెట్టగలిగే పగులు సైజు ఒకటి, భాగం తెగిపోయే సైజు ఒకటి. మొదటిదాని నుంచి రెండోదానికి చేరడానికి ఎన్ని సైకిళ్లు పడుతుందో లెక్కేసి, దాన్ని రెండుతోనో మూడుతోనో భాగిస్తారు, ఒకసారి తప్పినా ఇంకో అవకాశం ఉండాలని. అంటే ఇన్‌స్పెక్టర్ టాస్క్ కార్డు, అంటే చేయాల్సిన పని రాసి ఉండే కాగితం, మీద పగుళ్లు లేవని సంతకం పెడితే దానికి అర్థం, ఫలానా సైజు కంటే పెద్దది ఇక్కడ లేదు, వచ్చే పరీక్ష దాకా ఇది ఆగుతుంది అని. లైటు సరిగ్గా లేకుండా, గ్రీజు తుడవకుండా చూసి అదే సంతకం పెడితే ఆ సైజు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. ఇంజినీరు వేసిన లెక్క మాత్రం పాత సైజు మీదే నడుస్తూ ఉంటుంది. ఈ తేడా కాగితం మీద ఎక్కడా కనపడదు, అందుకే నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

నన్నడిగితే పరీక్షలో సగం శుభ్రం చేయడమే. ట్రాక్ మీద నల్లగా గట్టిపడ్డ పాత గ్రీజు, దాని కింద ఇసుక, తడి. తొందరలో ఉన్నవాళ్లు వైర్ బ్రష్ తీసుకుంటారు. తీసుకోకూడదు. గట్టిగా రుద్దితే, ముఖ్యంగా మెత్తటి లోహం మీద, పైపొర సాగి పగులు నోరు మూసుకుపోతుంది, ఆ తర్వాత పెనెట్రెంట్ పోసినా లోపలికి దిగదు. పెనెట్రెంట్ అంటే పలచటి రంగు ద్రవం, పూసి నిర్ణీత సమయం ఆగితే పైకి తెరుచుకున్న పగుళ్లలోకి పాకుతుంది, పైన మిగిలింది కడిగేసి డెవలపర్ పొడి చల్లితే లోపలిది మళ్లీ బయటకు పీల్చుకుంటుంది, చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే ఆకుపచ్చ గీతలా మెరుస్తుంది. చీకట్లోకి వెళ్లిన వెంటనే చూడటం మొదలుపెట్టొద్దు, కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. పెయింట్ మీద ఈ పరీక్ష చేస్తే వృథా. ఉక్కు భాగాలకైతే మాగ్నెటిక్ పార్టికల్ మంచిది, భాగాన్ని అయస్కాంతంగా మార్చి సన్నటి ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తే పగులు దగ్గర రజను గీతగా చేరుతుంది. కానీ అయస్కాంత బలం పగులుకి అడ్డంగా వెళ్లాలి, పగులు పొడవునా వెళ్తే ఏమీ కనిపించదు. అందుకే రెండు దిశల్లో చేయాలి, ఒక దిశలో చేసి ఆపేస్తే సగం పగుళ్లను వదిలేసినట్టే.

ఎడ్డీ కరెంట్ పరీక్ష గురించి కొంచెం దగ్గరగా చెబుతాను. ప్రోబ్ అనే చిన్న తీగచుట్ట లోహంలో సుడుల్లాంటి కరెంటు పుట్టిస్తుంది, పగులు అడ్డొస్తే ఆ కరెంటు దారి మారుతుంది, అది స్క్రీన్ మీద చుక్క కదలికగా కనిపిస్తుంది. అల్యూమినియం ఫిట్టింగ్‌లో ఒక బోల్టు తీసేశాం, ఆ రంధ్రం గోడని చూడాలి. ముందు అదే రకం లోహంతో చేసిన రిఫరెన్స్ బ్లాక్ తీసుకోవాలి, అందులో తెలిసిన కొలతకి కోసిన సన్నటి గాటు, నాచ్, ఉంటుంది. ప్రోబ్‌ని లోహం నుంచి కాస్త ఎత్తితే స్క్రీన్ మీద చుక్క అడ్డంగా జరిగేలా, నాచ్ మీదికి వెళ్తే నిలువుగా లేచేలా సెట్ చేసుకుంటాం. తర్వాత అసలు రంధ్రంలో పెట్టి తిప్పుతూ లోతు మార్చుకుంటూ పోతాం. చుక్క మెల్లగా అటూ ఇటూ ఊగితే అది రంధ్రం కాస్త గుండ్రం తప్పినందుకో, ప్రోబ్ ఒరిగినందుకో. ప్రతి చుట్టులో ఒకే చోట, ఒకే కోణంలో పదునుగా లేచి పడితే మాత్రం చెయ్యి ఆగాలి. అది గీతా, తుప్పా, పగులా అన్నది అప్పుడే తేల్చేయకండి. రంధ్రం తుడిచి, బ్లాక్ మీద మళ్లీ సరిచూసుకుని, ఇంకోసారి పెట్టండి. పరీక్ష పూర్తయ్యాక కూడా బ్లాక్ మీద మళ్లీ చూడాలి, మధ్యలో సెట్టింగ్ జారి ఉంటే ఆఖరిసారి సరిచూసిన దగ్గర్నుంచి చేసిన రంధ్రాలన్నీ మళ్లీ చేయాల్సిందే, షిఫ్ట్ అయిపోతున్నా సరే.

మనిషి సంగతికి వస్తే, 1989లో అమెరికాలోని సూ సిటీలో డీసీ-10 ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ పగిలి 110 మందికి పైగా చనిపోయారు. 1996 జూలై 6న అక్కడే పెన్సకోలా అనే ఊళ్లో ఎండీ-88 ఇంజిన్ ఫ్యాన్ హబ్ పగిలి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. రెండు చోట్లా ఆ భాగాలకి ముందే పెనెట్రెంట్ పరీక్ష జరిగింది, రెండు చోట్లా పగులు అప్పటికే దొరకదగిన సైజులో ఉందని దర్యాప్తులో తేలింది. దీన్ని ఒక మనిషి అజాగ్రత్తగా కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. వందల భాగాలు చూస్తాం, దాదాపు అన్నీ బాగానే ఉంటాయి. ఏమీ దొరకని పనిలో కళ్లు చూస్తూనే ఉంటాయి కానీ మనసు ఏమీ ఉండదులే అని ముందే తీర్మానించేస్తుంది. దీనికి మందు గట్టిగా చూడమని చెప్పడం కాదు. కాసేపు చూశాక విరామం, ఒకే మనిషిని గంటల తరబడి చీకటి గదిలో ఉంచకపోవడం, తెలిసిన పగుళ్లున్న భాగాలతో అప్పుడప్పుడూ పరీక్షించడం, తెల్లవారుజామున మూడింటికి విమానం ఎప్పుడు వదులుతారని ఎవరూ భుజం మీద నిలబడకుండా చూడటం. చివరిది మేనేజర్ల పని, ఇక్కడ ఎవరైనా మేనేజర్లుంటే మీకే చెబుతున్నాను.

పగులు దొరికితే ఏం చేయాలో చెప్పి ఆపుతాను. దాన్ని గీకి చూడొద్దు, ఎంత లోతుందోనని గ్రైండ్ చేయొద్దు. రెండు కొనలూ గుర్తుపెట్టి, పొడవు, దిశ, ఏ రంధ్రం, గడియారం ముల్లు లెక్కలో ఏ వైపు అన్నవి రాసి, ఫొటో తీయండి. వెంటనే రెండో రెక్కలో సరిగ్గా అదే చోటు చూడండి, టాస్క్ కార్డులో లేకపోయినా అడిగి చూడండి, ఎందుకంటే అదీ అన్నే సైకిళ్లు తిరిగింది, అదే బరువు మోసింది. తీసేసిన భాగాన్ని తెగిన ముఖం ఒకదానికొకటి రాసుకోకుండా చుట్టి ల్యాబ్‌కి పంపాలి, ఆ ముఖం మీద ఉన్న సన్నటి చారలు లెక్కబెట్టే పగులు ఎంత వేగంగా పెరిగిందో తెలుసుకుంటారు, మిగతా విమానాల పరీక్ష విరామం తగ్గించాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. తయారీదారుకి రిపోర్టు కూడా ఆలస్యం లేకుండా వెళ్లాలి. పక్క టేబుల్ మీద రిఫరెన్స్ బ్లాక్, ఎడ్డీ కరెంట్ పరికరం పెట్టాం, ఇద్దరిద్దరుగా వచ్చి ప్రోబ్ పట్టుకుని చూడండి, ప్రశ్నలు అక్కడే అడగండి.