మోడల్ యూఎన్‌లో నాకు కెనడా వచ్చింది సార్!

యాంకర్: లైన్‌లో హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా కాలేజీలో మోడల్ యూఎన్ పెట్టారు, అంటే విద్యార్థులం ఒక్కో దేశం తరఫున ఐక్యరాజ్యసమితిలోలా మాట్లాడాలి. నాకు కెనడా వచ్చింది. సీను 1973 జనవరి. వియత్నాంలో యుద్ధం ఆపడానికి కుదిరిన ఒప్పందం అమలును చూడ్డానికి కెనడా వాళ్లను పంపాలా వద్దా అని తేల్చాలి. శాంతే కదా, పంపుతామని చెప్పేద్దామనుకున్నా. మా సీనియరేమో అంత తొందరొద్దంటోంది.

నిపుణుడు: మీ సీనియర్ బాగానే చదివింది. కెనడాకు అప్పటికే ఒకసారి చెయ్యి కాలింది. 1954 జెనీవా ఒప్పందాల తర్వాత మన భారత్ అధ్యక్షతన, కెనడా, పోలండ్ సభ్యులుగా వియత్నాంలో వాటి అమలును చూడ్డానికి ఒక కమిషన్ వేశారు. ఉత్తర, దక్షిణ వియత్నాంలను కలపడానికి 1956లో జరగాల్సిన ఎన్నికలు జరగనే లేదు, యుద్ధం ముదిరింది. కమిషన్ మాత్రం 18 ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది. ఆపే అధికారం లేదు, చూసి రాసుకోవడమే. 1972లో మనం హనోయ్‌తో, అంటే ఉత్తర వియత్నాంతో, రాయబార సంబంధాలు పెట్టుకునేసరికి సైగాన్‌కు, అంటే దక్షిణ వియత్నాంకు, మన మీదా కోపమొచ్చింది, అదో కథ.

శ్రోత: అయితే వద్దనమంటారా?

నిపుణుడు: కెనడా వద్దనలేదమ్మా. 1973లో వేసిన నాలుగు దేశాల కొత్త కమిషన్‌కు సుమారు 290 మందిని పంపింది. కానీ ముందు 60 రోజులే అంది, ఆపైన ఆలోచిస్తామంది. చూసింది చూసినట్టు బయటికి చెప్తామంది. మీరు పట్టుకోవాల్సింది అదే. వస్తాం, కానీ గుమ్మం దగ్గరే కూర్చుంటాం అన్నట్టు మాట్లాడండి. రిపోర్టు ఎవరికివ్వాలి, చదివాక వాళ్లేం చేస్తారు అని గట్టిగా అడగండి.

శ్రోత: ఏప్రిల్‌లో పర్యవేక్షకుల హెలికాప్టర్‌ను కూల్చేశారు కదా, అది చెప్పొచ్చా?

నిపుణుడు: (నవ్వుతూ) మీరున్నది జనవరిలో! ఆ హెలికాప్టర్‌లో కెనడా అధికారి కూడా పోయారు. జులై ఆఖరుకు కెనడా వెళ్లిపోయింది, ఆ స్థానంలో ఇరాన్ వచ్చింది. ఇవన్నీ తెలిసినా తెలియనట్టే ఉండాలి. మార్కులు అక్కడే పోతాయి.

శ్రోత: నలుగురు సభ్యుల్లో ఒక్కరు కాదన్నా రిపోర్టు ఆగిపోతుందా సార్?

నిపుణుడు: ఆగుతుంది. కెనడా, ఇండోనేషియా, హంగరీ, పోలండ్, నలుగురూ సరేనంటేనే కమిషన్ రిపోర్టు. లేదంటే ఎవరి అభిప్రాయం వాళ్లు రాసి పంపుకోవడమే. ఇంతకీ పోలండ్ ఎవరికొచ్చింది?

శ్రోత: మా రూమ్మేట్‌కే సార్.

నిపుణుడు: ఇంకేం! రేపు టిఫిన్ దగ్గరే ఆరా తీయండి, దేనికి అడ్డం తిరగబోతోందో.