చేతులు కట్టుకో అన్నాను

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ నాకిచ్చిన పది నిమిషాల్లో మూడు దానికే పోతాయి, మన్నించండి.

భాషా ఇబ్బందులున్న పిల్లలు సైగలను ఎలా వాడతారన్నది నాకిచ్చిన అంశం. నిర్వచనాలన్నీ రాసుకొచ్చాను. అవి తర్వాత. ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

స్పీచ్ థెరపిస్టుగా చేరిన కొత్తలో ఏడేళ్ల బాబును పరీక్షించాను. వినికిడి బాగుంది, తెలివి బాగుంది, వాక్యం మాత్రం కుదరదు. ఒకే కొలత నీళ్లున్న రెండు గ్లాసుల్లో ఒకదాన్ని వెడల్పాటి గిన్నెలోకి వంపి, ఎందులో ఎక్కువని అడిగాను. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే నాటి పాత పరీక్ష. ‘ఒకటే’ అన్నాడు. ఎందుకని అడిగితే ‘ఇది... అది...’ అని ఆగిపోయాడు. చేతులు మాత్రం ఆగలేదు. ఒక అరచేతిని ఎత్తున పెట్టి కిందికి దించాడు, వెంటనే రెండు చేతులూ పక్కలకు చాచాడు. ఎత్తు తగ్గింది, వెడల్పు పెరిగింది. అంతకంటే సరైన జవాబు ఉందా? నేనేమన్నానో తెలుసా? ‘చేతులు కట్టుకుని, నోటితో చెప్పు.’ కట్టుకున్నాడు. ఆ పూట మళ్లీ నోరు విప్పలేదు. ‘కారణం చెప్పలేకపోయాడు’ అని రాసి సంతకం పెట్టాను.

2001లో ఎవాన్స్, అలిబాలి, మెక్‌నీల్ అనే పరిశోధకులు ఈ రకం పరీక్షలే చేసి, భాషా లోపమున్న పిల్లల్లో మాటకు అందని అవగాహన చేతుల్లో కనబడుతుందని ప్రచురించారు. చదువుతుంటే ఆ సంతకమే గుర్తొచ్చింది.

ఒక్కసారి మీరూ చేతులు కట్టుకోండి. షూ లేసు ముడి ఎలా వేయాలో పక్కవారికి చెప్పండి. ఊఁ, కానివ్వండి... చూశారా, భుజాలు కదులుతున్నాయి! పుట్టుకతో చూపులేనివారు కూడా, ఎదుటివారికీ చూపు లేదని తెలిసినా, మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని 1998లో ఐవర్సన్, గోల్డిన్-మెడో చూపించారు. సైగ ఎదుటివారి కోసమే కాదు, మాట వెతుక్కునే మనిషికి ఆసరా కూడా.

‘సైగలు అలవాటైతే మాట రాదేమో’ అని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయాన్ని పెంచినవాళ్లలో నేనూ ఉన్నాను. నోటితో అడిగేదాకా బొమ్మ ఇవ్వొద్దని ఎన్ని ఇళ్లకు చెప్పి పంపానో! ఇందాక చెప్పిన ఐవర్సన్, గోల్డిన్-మెడోలే 2005లో పదిమంది పసివాళ్లను గమనించి చెప్పింది ఇందుకు పూర్తిగా తలకిందులు. పిల్లలు చాలా వస్తువులను ముందు వేలితో చూపి, తర్వాత పేరుతో పిలిచారు. పక్షి వైపు వేలు చూపుతూ ‘నిద్ర’ అనే దశ తర్వాతే ‘పక్షి నిద్ర’ అనే దశ వస్తుంది. బిడ్డ వేలు చూపగానే ఆ పేరు మీరు పలికితే చాలు, పాఠం జరిగిపోయినట్టే.

ఏడాది నిండినా వేలు చూపడం, చేయి ఊపడం ఏదీ లేని బిడ్డ సంగతి వేరు. అక్కడ ఎదురుచూడకండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి.

నిర్వాహకులు నాకు ఒక వేలు చూపిస్తున్నారు, ఇంకో నిమిషమేనని. అర్థమైంది సార్, నోటితో చెప్పమని అడగను. నిర్వచనాలకు ఇక సమయం లేదు. టీచర్లకు ఒక్క మనవి. మీ మౌఖిక పరీక్ష కాగితంలో ‘చెప్పాడు’, ‘చెప్పలేదు’ అని రెండే గడులు ఉంటాయి. మూడోది గీసుకోండి, ‘చేతులతో చూపించాడు’ అని. నా కాగితంలో అది ఇప్పుడు ఉంది.