గుత్తి కోట ఎక్కుతూ 'ఫ్రీ రెయిన్' గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్తే! డల్లాస్ నుంచి సెలవులకు అనంతపురం వచ్చినా. ఈరోజు మా మేనల్లుణ్ణి తోడు తీసుకొని గుత్తి కోట ఎక్కుతున్నా. హైవే మీద పోయేవాళ్లు చాలామంది ఈ కొండను కింద నుంచే చూసి దాటిపోతారు. పైకి వస్తే తెలుస్తుంది, ఇది ఎంత కోటో! 18వ శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఏలిన చోటు ఇది. ఆయన గుర్రపు దండుకు దక్షిణాదంతా పేరు. 1751లో ఆర్కాటు ముట్టడి వేళ ఇంగ్లీషు సేనాని క్లైవుకు సాయంగా కదిలింది ఈ దండే. 1776లో హైదర్ అలీ చేతికి పోయింది కోట.

గుర్రాల మాట ఎందుకు ఎత్తినానంటే, దారిలో మావాడు ఒకటి అడిగినాడు. "అత్తా, డిజైన్ పనిలో నీకు ఫ్రీ రెయిన్ ఇస్తున్నా అని మా మేనేజర్ మెయిల్ పెట్టినాడు. ఇంక నా ఇష్టమేనా?"

రెయిన్ అంటే గుర్రం కళ్ళేనికి కట్టే పగ్గం. ఇట్లాంటి రాళ్ల దారిలో రౌతు పగ్గం బిగించి పట్టుకుంటే గుర్రం తల వంచి నేల చూసుకోలేదు. అందుకే కొంచెం వదులు చేస్తాడు. అడుగు ఎక్కడ వేయాలో గుర్రమే చూసుకుంటుంది. కానీ రౌతు దిగిపోలేదు, పగ్గం చేతిలోనే ఉంది, పోవాల్సిన ఊరు కూడా ఆయన అనుకున్నదే. మా తాత శెనక్కాయల బండి తోలుకొని రాత్రిపూట చేను నుంచి వస్తా పగ్గాలు వదులుగా పట్టుకొని కునుకు తీసేవాడు. ఎద్దులు నేరుగా ఇంటికే వచ్చేవి. వాటికి దారి తెలుసని ఆయనకు నమ్మకం. ఫ్రీ రెయిన్‌లో ఉన్నది ఆ నమ్మకమే. మనం తిట్టేటప్పుడు 'అచ్చోసిన ఆంబోతు' అంటామే, ఆ లెక్క కాదు.

అమెరికా ఆఫీసుల్లో ఈ మాట బాగా వాడతారు. ఈ మాట చెప్పినవాళ్లు పని ఎట్లా చేయాలో మనకు వదిలేస్తారు. గడువు, బడ్జెట్ మాత్రం వాళ్లవే. అందుకే మావాడికి చెప్పినా: "నీకు నచ్చిన దారిలో చేయి నాయనా, కానీ మధ్యలో ఒకసారి ఆయనకు చూపించు. అడగలేదు కదా అని ఊరకుండొద్దు." కొత్తగా ఉద్యోగాల్లో చేరే మన పిల్లలకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలని నాకు చాలా ఉంటుంది. మనవాళ్లు ప్రతిదీ అడిగి చేయడానికి అలవాటు పడి ఉంటారు. స్వేచ్ఛ ఇచ్చినా దాన్ని వాడుకోవడానికి భయపడతారు.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది ఆర్, ఈ, ఐ, ఎన్. మధ్యలో జీ పెడితే రాజ్యపాలన అయిపోతుంది. రెండూ పలకడం ఒకటే కాబట్టి ఇంగ్లీషు వాళ్లు కూడా తప్పు రాస్తుంటారు. పగ్గం బిగిస్తే 'టైట్ రెయిన్'. ఖర్చులు మితిమీరితే 'రెయిన్ ఇన్' చేయాలంటారు. మన పేపర్లలో 'పగ్గాలు చేపట్టారు' అని రాస్తారు కదా, అక్కడ కూడా పగ్గమంటే అధికారమే.

గుర్రం మీద ఈ సీమంతా తిరిగిన ఇంకొకాయన ఇంగ్లీషు అధికారి థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు, అంటే ఈ సీమ జిల్లాలకు, కలెక్టరు. డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పొలాలు, పన్నులు చూసినాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే, మొదట ఈ గుత్తిలోనే పూడ్చిపెట్టినారు.

అన్నట్టు, ఈ మాట మనుషులకే కాదు, మనసుకూ వాడతారు. ఊహలకు ఫ్రీ రెయిన్ ఇచ్చినాడంటే మెచ్చుకోవడం, కోపానికి ఇచ్చినాడంటే తప్పు పట్టడం. మావాడు ఇప్పుడే అడుగుతున్నాడు, "మరి ఆకలికి ఇవ్వొచ్చా అత్తా?" అని. ఇవ్వొచ్చు నాయనా, ముందు పైదాకా ఎక్కుదాం పా!