ఇల్లు అమ్మేవారు కొనేవారికి చెప్పి తీరవలసిన లోపాలు

నమస్కారం. మా పిన్నిగారు కొన్నేళ్ల క్రితం ఒక ఏప్రిల్ నెలలో, హైదరాబాద్‌లోని పాత అపార్టుమెంటులో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు కొన్నారు. చూడటానికి వెళ్లినప్పుడు గోడలన్నీ కొత్తగా లప్పం పెట్టి, రంగులు వేసి, కళకళలాడుతున్నాయి. జూలైలో రెండు రోజులు ముసురు పట్టగానే బాత్రూము జాలీలోంచి మురుగునీరు ఎదురుతన్ని హాల్లోకి వచ్చింది. నీళ్లు తోడిపోశాక చూస్తే, నేల నుంచి జానెడు ఎత్తు వరకు కొత్త లప్పం ఉబ్బిపోయి, గోరుతో గీస్తే పొరలుగా ఊడి వచ్చింది. దాని కింద, పాత రంగు మీద, సరిగ్గా అదే ఎత్తులో మరో నీటి చార ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, "ప్రతి ఏడూ వస్తాయమ్మా, పాతవాళ్లు మంచాల కింద ఇటుకలు పెట్టుకునేవాళ్లు" అన్నాడు.

ఆ రోజు బంధువులందరూ పిన్నిగారినే తప్పుపట్టారు. కొనేవాళ్లే చూసుకోవాలి, అమ్మేవాడు తన సరుకు లోపాలు తానే చెప్పుకుంటాడా అన్నారు. ఈ మాట మనలో ఎంతగా నాటుకుపోయిందంటే, అదే చట్టమని చాలామంది నమ్ముతారు. చట్టం అలా అనడం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్ మొదటి భాగంలోనే, ఆస్తిలో గాని, దాని మీద తనకున్న హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపాన్ని కొనుగోలుదారుకు చెప్పే బాధ్యతను అమ్మకందారు మీద పెట్టింది. చెప్పకపోవడం మోసపూరితమని అదే సెక్షన్ చివర స్పష్టంగా రాసి ఉంది.

అయితే ఈ బాధ్యతకు హద్దులున్నాయి. లోపం అమ్మకందారుకు తెలిసి ఉండాలి, కొనుగోలుదారుకు తెలియకుండా ఉండాలి, మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడనిదై ఉండాలి. అన్నిటికీ మించి, ముందే తెలిసి ఉంటే కొనుగోలుదారు ఆ బేరానికి ఒప్పుకునేవాడు కాదేమో అనిపించేంత పెద్దదై ఉండాలి. బాల్కనీ స్లాబు పెచ్చులూడి ఇనుము బయటికి కనబడుతూ ఉంటే, నాకెవరూ చెప్పలేదని కొన్నవారు తర్వాత వాదించలేరు. ఎండాకాలంలో చూసిన ఇంట్లోకి వానాకాలం నీళ్లొస్తాయన్న సంగతి మాత్రం, అక్కడ ఒక వానాకాలం గడిపినవారికి తప్ప మరొకరికి తెలిసే వీలు లేదు. ఆ చార మీద లప్పం పూసి దాచడం ఊరుకోవడం కన్నా ఒక మెట్టు ఎక్కువ. తెలిసిన సంగతిని పనిగట్టుకుని కప్పిపెట్టడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ నేరుగా మోసం కిందనే లెక్కిస్తుంది.

గోడల కన్నా కాగితాల్లో దాగిన లోపాలు మరింత ప్రమాదకరమైనవి. ఇంట్లో అన్నదమ్ముల మధ్య పంపకాల దావా నడుస్తూ ఉండవచ్చు. ఇదే ఇంటిని మరొకరికి అమ్ముతానని తెల్లకాగితం మీద రాసి బయానా తీసుకుని ఉండవచ్చు. రిజిస్టరు కాని ఆ ఒప్పందం ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలను చూపే ధ్రువపత్రంలో, కనబడదు. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ జోన్‌లోనో (దాని చుట్టూ కట్టకుండా వదలవలసిన స్థలం) ఇల్లుందని అధికారులు ఇచ్చిన నోటీసు అమ్మకందారు బీరువాలో ఉండవచ్చు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెబుతున్నా, 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక గాని చాలామంది ఆ కొలత గురించి ఆలోచించలేదు. చెరువు మ్యాపు ఎవరైనా చూసుకోవచ్చునని అమ్మకందారు అనవచ్చు. కాని తన చేతికందిన నోటీసు సంగతి తనకు తప్ప ఎవరికి తెలుస్తుంది? దాన్ని చెప్పకుండా అడ్వాన్సు తీసుకోవడం క్షమించదగిన పని కాదని నా అభిప్రాయం.

ఇక్కడ విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. యజమాని అమెరికాలో ఉంటారు, బావమరిదో బాబాయో జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీద ఇల్లు అమ్ముతారు, లోపం బయటపడ్డాక "మాకేమీ తెలియదండీ, అక్కడున్నవాళ్లు చూసుకున్నారు" అంటారు. ఆ జవాబు నిలవడం కష్టం. ఏజెంటు తనకు అప్పగించిన పనిలో తెలుసుకున్న విషయం, మూడో వ్యక్తులకు సంబంధించినంత వరకు, యజమానికి తెలిసినట్టేనని కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్ చెబుతుంది. డాలస్ ప్రాంతంలో ఇల్లు కొన్నవారికి ఇదంతా కొత్త కాదు. టెక్సాస్‌లో పాత ఇల్లు అమ్మేవారు పైకప్పు, పునాది, గతంలో వచ్చిన వరద వంటివాటి గురించి తెలిసినదంతా ఒక నిర్ణీత పత్రంలో రాసివ్వాలి. మనకు అటువంటి పత్రం లేదు. బాధ్యత చట్టంలో ఉంది గాని, దాన్ని నోటితో పలికించే కాగితం లేదు.

బిల్డర్లను అదుపు చేసే స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా, ఉంది కదా అని కొందరు అడుగుతారు. రెరా ప్రకారం నిర్మాణ లోపాలను ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు ఎత్తిచూపితే బిల్డరు ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అది బిల్డరుకు సంబంధించిన నియమం. సొంత ఫ్లాటును తిరిగి అమ్ముకునే మామూలు యజమానికి అది వర్తించదు, ఆయనను పట్టుకునేది 55వ సెక్షనే.

ఆ సెక్షన్‌కూ ఒక మెలిక ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడే ఈ బాధ్యతలు వర్తిస్తాయి. అందుకే సేల్ అగ్రిమెంటులో "ఉన్నది ఉన్నట్టుగా, పూర్తిగా పరిశీలించి, తృప్తిపడి" అనే వాక్యం కనబడితే, లేఖరి అలవాటుగా రాశాడులే అని సంతకం పెట్టకండి. దాని స్థానంలో ప్రశ్నలు పెట్టించండి. గత ఐదేళ్లలో ఇంట్లోకి వాన నీరో మురుగునీరో వచ్చిందా, స్లాబు కారిందా, ఏ వేసవిలోనైనా బోరు ఎండిందా, ఏ కార్యాలయం నుంచైనా నోటీసు అందిందా, ఏ కోర్టులోనైనా కేసు ఉందా, ఎవరికైనా రాసిచ్చారా, ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి అని అడిగి, జవాబులు అగ్రిమెంటులోనే రాయించి సంతకం తీసుకోండి. లోపం తర్వాత బయటపడితే, అమ్మకందారుకు అది ముందే తెలుసని నిరూపించవలసింది మీరే. చాలా కేసులు అక్కడే వీగిపోతాయి. రాతపూర్వకంగా అబద్ధం చెప్పినవారికి, నన్ను ఎవరూ అడగలేదు అనే దారి ఉండదు. మోసం కనిపెట్టిన నాటి నుంచే, లేదా తగిన జాగ్రత్తతో కనిపెట్టగలిగి ఉండే నాటి నుంచే, కాలపరిమితి లెక్క మొదలవుతుంది కనుక, ఆ కాగితాన్ని రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా భద్రంగా ఉంచండి.

మా పిన్నిగారి దగ్గర అటువంటి కాగితం లేదు, అందుకే ఆమె కోర్టుకు వెళ్లలేదు. నాలుగేళ్ల తర్వాత ఆ ఫ్లాటు అమ్మేటప్పుడు, వానలు ఎక్కువైతే బాత్రూము జాలీ నుంచి నీరు ఎదురు వస్తుందని అగ్రిమెంటులో తన చేతులతో రాసిచ్చారు. బ్రోకరు వద్దన్నా వినలేదు. కొన్నవారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ధర కొంత తగ్గించమన్నారు. ఆమె తగ్గించారు. వాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుని, సామాను తేకముందే ప్లంబర్‌ను పిలిపించి, నీరు వెనక్కి రాకుండా పైపులో వాల్వు పెట్టించుకున్నారు.